ఎర్రగుడ్డ అవతల

మార్చి 9

ఒళ్ళు మండిపోతోంది. ఎవరితోనూ చెప్పుకోలేక ఇందులో రాస్తున్నాను. మా అమ్మాయి బబీతా పోయినేడు వదిలేసిన లెక్కల నోటుబుక్కు ఇది, సగం ఖాళీగానే ఉంది.

ఇవాళ పాలకవర్గం సమావేశం జరిగింది. అధ్యక్షుడి కుర్చీలో మా ఈయన కూర్చున్నాడు, పక్కన ప్లాస్టిక్ కుర్చీలో నేను. అది కొత్త సంగతి కాదు. మా కొండ ఊరు కాఫలీధార్ నగర పంచాయతీ సీటు ఆడవాళ్ళకి కేటాయించారని తెలిసిన రోజు ఈయన అన్నం మానేశాడు. మర్నాడు లేచి నన్ను ఫోటో స్టూడియోకి తీసుకెళ్ళాడు. అలా నేను అధ్యక్షురాలినయ్యాను. ఇవాళ్టి కొత్త సంగతేమిటంటే, బదిలీ మీద వచ్చిన ఆఫీసరు నన్ను చూసి, "బోజీ, నాకు టీలో చక్కెర తక్కువ" అన్నాడు, వదినని పిలిచినట్టు. టీ ఇచ్చే మనిషిననుకున్నాడు. సభ్యులంతా నవ్వారు. ఈయన కూడా నవ్వాడు. నేను లేచి వెళ్ళి టీ తెచ్చాను. అదే ఎక్కువ మండుతోంది.

ఇంటికొచ్చాక అడిగాను. "ఇంత చిన్నదానికి మొహం మాడ్చుకుంటావేం? ఆ తలనొప్పులన్నీ నీకెందుకని నేనే మోస్తున్నాగా" అన్నాడు. అదీ నిజమే. పంచాయతీ సీలు కూడా ఈయన కోటు లోపలి జేబులోనే ఉంటుంది. నా దగ్గరుంటే గడ్డిమోపులో పారేసుకుంటానని. నా మీద ప్రేమ ఉండబట్టే ఇంత భారం నెత్తిన పెట్టుకున్నాడు.

ఈయన పేరు ఇక్కడైనా రాద్దామని చూశాను. చెయ్యి రాలేదు. మా వైపు ఆడవాళ్ళెవరం మొగుడి పేరు పలకం. ప్రమాణం చేసిన రోజు భర్త పేరు చెప్పమంటే, "బబీతా నాన్న" అన్నాను. హాలంతా గొల్లుమంది.

మార్చి 14

ఊటబావి దగ్గర ఇవాళ జుట్లు పట్టుకున్నారు. కుళాయి నీళ్ళు ఎప్పుడొస్తాయో దేవుడికే తెలియాలి, పైపేట వాళ్ళందరికీ ఆ రాతి ఊటబావే దిక్కు. మెట్లు దిగి చూస్తే నీళ్ళు అడుగంటి ఉన్నాయి. చెంబుతో తోడి బిందె నింపేలోగా వెనకవాళ్ళు శాపనార్థాలు మొదలుపెడుతున్నారు.

ఖష్టీ దీదీ నన్ను చూడగానే అందుకుంది. పక్కిల్లే. ఏళ్ళ తరబడి ఇద్దరం కలిసి పై అడవిలో గడ్డి కోశాం, నా దగ్గర ఆమె నోటికి అడ్డూ అదుపూ ఉండదు.

"తప్పుకోండే, అధ్యక్షురాలమ్మ వేంచేసింది! బిందె మోయడానికి ఆఫీసరు రాలేదా భులీ?"

"రాలేదు దీదీ, ఆయన ఇంకా టీ తాగుతున్నాడు."

అందరూ నవ్వారు. ఆ నవ్వులో నాకు బాధ లేదు. చెల్లెలా అని పిలిచి తిట్టేవాళ్ళు తిడితే ఎందుకో పట్టదు.

బచులీ ఆమా మాత్రం నవ్వలేదు. పైపేటలో అందరికన్నా పెద్దది. "నవ్వండి, నవ్వండి. వచ్చే ఏడాదికి నవ్వడానికి నోట్లో తడుండదు. పైన బాంజ్ చెట్లు నరికి నరికి బోడిచేశారు. ఆ చెట్ల వేళ్ళు పట్టి ఉంచితేనే ఈ నీళ్ళు. అడవిని కొన్నాళ్ళు దేవికిచ్చెయ్యండే. మా అత్తగారి కాలంలో అలాగే ఇచ్చాం. అయిదేళ్ళు ఒక్క ఆకు తుంచలేదు. ఊట తిరిగొచ్చింది."

బచులీ ఆమా మాటంటే ఎవరూ తీసిపారేయరు. పోయినేడు ఆమె గుమ్మడికాయ ఎవరో కోసుకుపోతే, పేరు తెలిస్తే దేవి గుడిలో బియ్యం విసిరి, దొంగని శిక్షించమని ఘాత్ వేస్తానని బజారులో నిలబడి అరిచింది. సాయంత్రానికల్లా గుమ్మడికాయ ఆమె గుమ్మంలో ఉంది. పక్కన ఇంకోటి కూడా పెట్టి వెళ్ళారు.

మార్చి 15

ఈయనకి అడవి సంగతి చెప్పాను. కసురుకుంటాడనుకున్నాను. చెంచా కింద పెట్టి నా మొహంలోకి చూశాడు.

"అయిదేళ్ళపాటు ఎవరూ లోపల అడుగు పెట్టకూడదు, అంతేనా?"

"అంతే. గడ్డికి కాదు, ఆకుకి కాదు. పుల్ల ఏరుకోవడానికి కూడా కాదు."

"బ్రహ్మాండం. ఇచ్చేద్దాం. నీ చేతుల మీదుగా ఇద్దాం."

ఢిల్లీ సారు కూడా మా ఇంట్లోనే భోంచేస్తున్నాడు. ఈ మధ్య తరచూ వస్తున్నాడు, ఏదో వ్యాపారం. ఉలవపప్పు అంటిన వేళ్ళు నాకుతూ, "మీ కొండల వాళ్ళ భక్తి చాలా గొప్పది" అన్నాడు.

పెళ్ళయిన ఇన్నేళ్ళలో నా మాట ఒక్కటి ఇంత తొందరగా నెగ్గడం ఇదే మొదలు.

చైత్ర అష్టమి

అడవిని దేవికిచ్చేశాం. నేనిచ్చాను. నా చేతులతో.

ఊరంతా వచ్చింది. గుడి నుంచి ఎర్రగుడ్డలు మోసుకుంటూ, డోలు కొట్టుకుంటూ అడవి అంచుదాకా నడిచాం. ఆడవాళ్ళు ఎవరి కొడవలి వాళ్ళు తెచ్చి గుడ్డకి తాకించారు. పూజారి చెప్పమన్న మాటలు నేను చెప్పాను: ఈ అడవి ఇవాళ్టి నుంచి నీది తల్లీ, మాది కాదు, లోపలికొచ్చినవాడి లెక్క నువ్వే చూసుకో. మైకు లేకపోయినా అందరికీ వినిపించింది. కిందటేడు సభలో మైకు పెట్టినా నా గొంతు వినిపించలేదు.

దారి దారికీ ఎర్రగుడ్డ కట్టాం. ఊరి వైపంతా అయిపోయేసరికి గుడ్డ చాలలేదు. వెనక వైపు మర్నాడు కట్టిస్తానని ఈయన అన్నాడు.

బచులీ ఆమా నా తల మీద చెయ్యి పెట్టింది. ఖష్టీ దీదీ, "ఇక నా గేదెకి నీ కొంగే మేతగా పెడతా భులీ" అని నవ్వించింది. సంతోషంగా ఉంది. అధ్యక్షురాలిగా నేను చేసిన మొదటి పని ఇది. కోపం లేకుండా రాస్తున్న మొదటి పేజీ కూడా ఇదే కాబోలు.

మే 6

గడ్డి కోసం ఏరు దాటి అవతల కొండకి వెళ్ళొస్తున్నాం. మోకాళ్ళు పీక్కుపోతున్నాయి. ఈయనతో ఆవుని అమ్మేద్దామంటే, "అధ్యక్షురాలి ఇంట్లో ఆవు లేకపోతే ఓట్లు పోతాయి" అన్నాడు. గడ్డి మోసేది ఓట్లు కాదుగా.

మే 17

కాఫల్ పళ్ళు పండాయి. అడవి అంచున కొమ్మలు ఎర్రగా వేలాడుతున్నాయి. పిల్లలు ఎర్రగుడ్డ ఇవతల నిలబడి నోరూరించుకుంటున్నారు తప్ప ఒక్కడూ చెయ్యి చాపలేదు. చూస్తే గర్వంగా అనిపించింది. ఈ ఊళ్ళో ఆఫీసరు మాట ఎవరూ వినరు, పోలీసు మాట అసలే వినరు. దేవి మాట వింటారు.

మే 23

మిట్టమధ్యాహ్నం బజారులోకి కొండగొర్రె వచ్చింది. మొరిగే జింక జాతిది, మనిషి అలికిడికి ఆమడదూరం పరిగెత్తే జంతువు, బట్టల కొట్టు మెట్ల మీద నిలబడి వణికిపోతోంది. కుక్కలు తరిమి తరిమి లోయలో పడేశాయి. ఎందుకొచ్చిందో ఎవరికీ అర్థం కాలేదు. పైన అడవిలో ఇప్పుడు దాన్ని కదిలించేవాళ్ళే లేరుగా.

"చిరుత తరిమి ఉంటుంది" అన్నాడు ఈయన.

జూన్ 11

ఖష్టీ దీదీ మీద ఇంత కోపం జన్మలో రాలేదు.

తెల్లారగానే నీళ్ళకి వెళ్తుంటే ఎదురైంది. వీపు మీద బాంజ్ ఆకు మోపు, పచ్చిగా, అప్పుడే కోసినట్టు. ఎర్రగుడ్డ కింద నుంచి వంగి వస్తోంది. టీ కొట్టు దగ్గర మనుషులున్నారు, అందరూ చూశారు. వదిలేద్దామంటే ఎలా వదిలేస్తాను?

"గేదె ఈనింది భులీ. ఇంట్లో ఒక్క పరక లేదు. ఏం చెయ్యమంటావ్?"

"అందరిళ్ళలోనూ గేదెలున్నాయి దీదీ. నువ్వొక్కదానివే వెళ్ళావు."

"నేనొక్కదాన్నేనా!" అని నవ్వింది. తర్వాత గొంతు తగ్గించింది. "అది తర్వాత మాట్లాడుకుందాం. ముందు నేను చెప్పేది విను. వెనకవైపు దిగుడులో..."

"నాకేం చెప్పొద్దు. తప్పు చేసి కథలల్లకు."

అందరి ముందూ అన్నాను. గుడికి తీసుకెళ్ళి ముక్కు నేలకి రాయించాను. నెల్లాళ్ళు ఊటబావి మెట్లు దిగకూడదన్నాను. అలా అనమని ఎవరూ చెప్పలేదు, నా నోట్లోంచే వచ్చింది. ఆమె మోపు అక్కడే దింపేసి పోయింది.

ఈయన విని నా వీపు తట్టాడు. "ఇవాళ నువ్వు నిజంగా అధ్యక్షురాలివయ్యావు" అన్నాడు. అయ్యాను కదా. మరి అన్నం ఎందుకు సహించలేదో. అంతా ఆమె వల్లే. ఆమె తప్పు చేయకపోతే నాకీ పని పడేది కాదు.

జూన్ 12

ఖష్టీ దీదీ కింద బజారు బోరింగు నుంచి నీళ్ళు మోస్తోంది. నన్ను చూసి తల తిప్పుకుంది. తిప్పుకోనీ.

జులై 8

వాన. వాన. వాన. ఊటబావిలో నీళ్ళు పసుపుపచ్చగా ఉన్నాయి. వానాకాలం మట్టి.

ఆగస్టు 3

అడవిపందులు మా మొక్కజొన్న చేను దున్నేశాయి. బజారు వైపు చేలన్నీ అంతే. పోయినేడు ఒక్కటీ రాలేదు. పైనుంచి గుర్రుమని చప్పుడు వస్తోందని బబీతా అంటోంది. అవతల కొండ మీద రోడ్డు వేస్తున్నారని ఈయన చెప్పాడు.

సెప్టెంబరు 19

వానలు వెళ్ళిపోయాయి. ఆకాశం కడిగినట్టుంది, మంచుకొండలు ఈ చివర నుంచి ఆ చివరదాకా కనబడుతున్నాయి. ఊటబావి మాత్రం పసుపుపచ్చగానే ఉంది. బిందె అడుగున బురద తేరుకుంటోంది. బబీతా తన పాత చున్నీలో వడకట్టింది. చున్నీలో తెల్లటి పొడి మిగిలింది. రాయి పిండి కొడితే వచ్చే పొడి లాంటిది.

"ఇజా, ఇది వాన మట్టి కాదే" అంది. మా వైపు అమ్మంటే ఇజాయే.

ఈయన్ని అడిగాను. "వాన మట్టే" అన్నాడు పేపరు దించకుండా.

సెప్టెంబరు 20

ఈయన అబద్ధం చెప్పడు.

సెప్టెంబరు 21

ఈయనకి తెలియకుండా ఎవరో ఏదో చేస్తున్నారు. వాళ్ళెవరో తేలితే తోలు ఒలిపిస్తాడు.

సెప్టెంబరు 22

వెళ్ళాను. చెప్పులు విప్పి, దేవికి దండం పెట్టి, నేను కట్టిన ఎర్రగుడ్డ కింద నుంచే వంగి వెళ్ళాను.

ఊరి వైపు అడవి ఎంత బాగుందో. గడ్డి నడుము ఎత్తున ఉంది, బాంజ్ మొక్కలు మోకాలి దాకా వచ్చాయి. ఇంత బాగా కాపాడుకున్నాం అని ఏడుపు కూడా వచ్చింది. గట్టెక్కి అవతల చూసేసరికి ఆ ఏడుపు ఎండిపోయింది.

అటువైపు అడవి లేదు. మొదళ్ళున్నాయి. ఇద్దరు చేతులు కలిపితే గానీ అందని చెట్ల మొదళ్ళు, పచ్చి వాసన ఇంకా పోలేదు. కింద రోడ్డు నుంచి కొండని చీరుకుంటూ పైకి ఎర్రమట్టి దారి. ఊటబావికి సరిగ్గా నెత్తిన పెద్ద గొయ్యి, అందులో సిమెంటు స్తంభాలు లేచి ఉన్నాయి, పక్కన రాయి తొలిచే యంత్రం. బోర్డు కూడా పెట్టారు: అడవి ఒడిలో విడిది గదులు, త్వరలో. అటువైపు ఒక్క ఎర్రగుడ్డ లేదు. ఆ మర్నాడు రానే లేదు.

పనివాళ్ళు రేకుల పాక దగ్గర రొట్టెలు కాల్చుకుంటున్నారు. ఎవరి పని ఇది అన్నాను.

"ఢిల్లీ సేఠ్‌ది దీదీ. భయపడకు, అన్నీ సరిగానే ఉన్నాయి. అధ్యక్ష్‌జీ సీలేసి ఇచ్చాడు. ప్రతి ఆదివారం ఆయనే వచ్చి చూసుకుంటాడు."

"అధ్యక్షురాలిని నేను."

ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. అంత నవ్వు నేనెప్పుడూ వినలేదు. వాళ్ళ తప్పు లేదు. ఒకడు నవ్వాపుకుంటూ జాలిగా రొట్టె ఇవ్వబోయాడు.

ఆదివారాలు గుడిలో భజనకి వెళ్తున్నానని ఈయన చెప్పేవాడు. నేను స్వెటరు తీసి ఇచ్చేదాన్ని.

సెప్టెంబరు 23

ఈయన్ని నిలదీశాను. ఏమీ బుకాయించలేదు. అదే నన్ను చంపింది. కుర్చీలో వెనక్కి వాలి కూర్చుని, చిన్నపిల్లకి లెక్క నేర్పినట్టు చెప్పాడు.

"మన కుర్రాళ్ళకి ఉద్యోగాలొస్తాయి. బబీతా చదువుకి ఢిల్లీలో ఇల్లు కూడా ఇస్తానన్నాడు. ఎండిపోయే ఊట కోసం ఊరు బాగుపడటం ఆపుతావా?"

"మరి దేవికెందుకు ఇప్పించారు?"

"ఇచ్చిందెవరు? నువ్వు." నవ్వాడు. "చూడు, రోజూ పాతికమంది ఆడవాళ్ళు కొడవళ్ళతో తిరిగే చోట ఎవడైనా పని చేసుకోగలడా? నీ ఆలోచన అమోఘం. ఆ రోజు నీ నోటి నుంచి వినగానే నీ కాళ్ళకి దండం పెట్టాలనిపించింది."

నా ఆలోచన. నా చేతులు, నా గొంతు. ఊరు ఊరంతా నియమం పాటించింది, పాటించింది కాబట్టే కళ్ళు మూసుకుంది. నిజాయితీగా బయట నిలబడ్డవాళ్ళకి తప్ప అందరికీ ఆ అడవి తెరిచే ఉంది.

"అందరికీ చెబుతాను" అన్నాను.

"చెప్పు. ముందు నువ్వు లోపలికి ఎందుకెళ్ళావో చెప్పు. ఖష్టీ చేత ముక్కు రాయించినదానివి, రేపు నీ ముక్కు రాస్తారు. నీ మాట ఎవడు నమ్ముతాడు?" తర్వాత టీ అడిగాడు.

ఇన్నాళ్ళూ ప్రేమ, ప్రేమ అని రాసుకున్నాను. ఆ పేజీలన్నీ చింపేద్దామనుకున్నాను. చింపను. ఉండనీ. ఎంత వెర్రిబాగులదాన్నో చదువుకుంటూ ఉండాలి.

సెప్టెంబరు 25

ఆఫీసుకి వెళ్ళి, ఈయన దగ్గరున్న సీలు ఇప్పించమని అడిగాను. పని ఆపమని ఉత్తర్వు ఇవ్వాలన్నాను. ఆఫీసరు లేచి నిలబడ్డాడు, మర్యాదకేం లోటు లేదు. "తప్పకుండా మేడమ్. సార్‌ని ఒక్క మాట అడిగి..." అన్నాడు. బల్ల మీదున్న టీ గ్లాసు తీసుకెళ్ళి కిటికీలోంచి పారబోశాను.

సెప్టెంబరు 30

ఊట ఆగిపోయింది. మెట్ల అడుగున తడి రాళ్ళు.

అక్టోబరు 2

ఖష్టీ దీదీ వచ్చింది. జూన్ తర్వాత మా గుమ్మం తొక్కడం ఇదే. కూర్చోమంటే కూర్చోలేదు.

"ఇంకొకళ్ళ నోటివెంట వినడం ఎందుకని నేనే వచ్చాను. అష్టమి రోజు ఘాత్ వేస్తున్నాం. పైపేట ఆడవాళ్ళందరం."

"ఎవరి మీద?"

"అధ్యక్షురాలు హంసా బోరా మీద."

"నువ్వు చూశావా దీదీ, వెనకవైపు?"

"నేను జూన్‌లోనే చూశాను. చెప్పబోతే నా ముక్కు రాయించావు. నేనొక్కదాన్నే కాదు, సగం పేట చూసింది. ఒకళ్ళు పుల్లలకి పోయి, ఒకళ్ళు ఆకుకి పోయి. ఎవరు నోరు తెరుస్తారు? చూశానంటే లోపలికెళ్ళానని ఒప్పుకున్నట్టేగా. నాకు నువ్వు చేసింది చూశాక ఎవరికి ధైర్యం? ఊట ఆగిపోయాక బచులీ ఆమా ఒక్కొక్కరినీ పట్టుకుని కక్కించింది."

"అది చేసింది నేను కాదు."

"సీలు ఎవరిది? పేరు ఎవరిది? అడవిని ఇచ్చింది ఎవరు?"

"సీలు ఆయన జేబులో ఉంటుంది దీదీ. నీకు తెలియదా?"

"నాకు తెలుసు. దేవికి పేరు కావాలి. నువ్వు చెప్పగలవా ఆ పేరు? ప్రమాణం రోజే చెప్పలేకపోయావు." అప్పుడు మొదటిసారి నా మొహంలోకి చూసింది. "ఏ పేరు చెప్పినా పడేది ఒకే ఇంటి మీద భులీ. ఘాత్ ఒక్క మనిషితో పోదు. ఇంటిల్లిపాదికీ తగులుతుంది. అందుకే నాకు రెండు రాత్రులుగా నిద్ర లేదు. నీ పిల్ల నా చేతుల్లో పెరిగింది."

వెళ్ళిపోయింది. ఆమె మీద కోపం రాలేదు. కోపం అంతా ఒకే చోటికి పోతోంది ఇప్పుడు.

అక్టోబరు 4

ఘాత్ సంగతి ఈయనకి తెలిసింది. "వేసుకోనీ. నీ పేరేగా" అన్నాడు. పెదవి మీద చిన్న నవ్వు కూడా ఉంది.

అక్టోబరు 5

బబీతాకి చెప్పాను. మొత్తం చెప్పాను. చదువుతున్న పుస్తకం మూసి నా వైపు తిరిగింది.

"ఇంటి మీద పడుతుందంటే, అందులో నేనూ ఉంటానుగా ఇజా?"

"ఉంటావు. నేనూ ఉంటాను."

"వాళ్ళు నీ పేరు చెప్పినా నేనుంటాను. నువ్వు నాన్న పేరు చెప్పినా నేనుంటాను."

"అవును."

"అయితే నిజం పేరు చెప్పు. అబద్ధం పేరుకి నేనెందుకు పోవాలి?"

దానికి పదహారేళ్ళు. దాన్ని పట్టుకుని ఏడ్చాను. భయంతో ఏడ్చాను, దాచేదేముంది.

ఆశ్వయుజ అష్టమి

జరిగింది జరిగినట్టు రాస్తాను.

గుడి ముందు ఇసుక వేస్తే రాలనంత జనం. ఈయన సభ్యులతో కలిసి ముందు వరసలో కూర్చున్నాడు, తెల్ల కోటులో. ఖష్టీ దీదీ బియ్యం పళ్ళెంతో లేచింది. నేను అడ్డంగా వెళ్ళి నిలబడ్డాను.

"ముందు నేను" అన్నాను. "ఎర్రగుడ్డ దాటాను. నేనే కట్టాను, నేనే దాటాను. ముక్కు రాయమంటే రాస్తాను. ఖష్టీ దీదీ నిజం చెప్పబోతే విననందుకు రెండోసారి రాస్తాను." అక్కడే రాశాను. రాయి గరుగ్గా ఉంది. ఎవరో "అయ్యో, లే" అన్నారు. తర్వాత ఖష్టీ దీదీ చేతిలో పళ్ళెంలోంచి పిడికెడు బియ్యం తీసుకున్నాను.

ఈయన లేచాడు. "హంసా, ఇంటికి పద. పిల్ల సంగతి ఆలోచించు."

"పిల్లే పంపింది" అన్నాను.

నోరు తెరిస్తే పేరు రాలేదు. పెళ్ళయిన నాటి నుంచి పలకని పేరు, గొంతులో ఎక్కడ ఉందో వెతుక్కోవలసి వచ్చింది. అందరూ చూస్తున్నారు. ఈయన నవ్వడం మొదలుపెట్టాడు, ప్రమాణం రోజు నవ్వినట్టే. ఆ నవ్వు చూశాక దొరికింది.

"కుందన్ సింగ్ బోరా!" అని అరిచాను. "తల్లీ, నీ అడవి అమ్ముకున్నవాడు కుందన్ సింగ్ బోరా. మా నీళ్ళు తాగేసినవాడు కుందన్ సింగ్ బోరా. నా చేతులతో నిన్ను మోసం చేయించినవాడు కుందన్ సింగ్ బోరా. ఆ ఇంట్లో నేనూ ఉన్నాను, నా కూతురూ ఉంది. అయినా అడుగుతున్నాను. తీర్పు చెయ్యి."

బియ్యం విసిరాను. కొన్ని గింజలు ఆయన కోటు మీద పడ్డాయి. దులుపుకోలేదు. దులుపుకోవడానికి చెయ్యి ఎత్తి, గింజల్ని ముట్టుకోవడానికి భయపడి దించేశాడు. పక్కనున్న సభ్యులు ఒక్కొక్కరే జరిగారు. నిన్నటిదాకా ఆయన గ్లాసులో మిగిలిన టీ తాగేవాళ్ళు.

తర్వాత దేవితో ఇంకో మాట అన్నాను. "అయిదేళ్ళకని ఇచ్చాను తల్లీ. కాపలా కాయలేకపోయాం. తిరిగి తీసుకుంటున్నాను." పూజారి ఏదో చెప్పబోయాడు. "ఇచ్చింది అది, అడిగేది అది, నీ మధ్యవర్తిత్వం ఎందుకు పంతులూ?" అంది బచులీ ఆమా.

కొడవళ్ళు పట్టుకుని అందరం వెళ్ళాం. ఎర్రగుడ్డలు విప్పి కొంగుల్లో పెట్టుకున్నాం. గట్టెక్కి అవతలకి దిగి, ఆ గొయ్యి చుట్టూ కూర్చున్నాం. ఘాత్ పడిన చోట పని చేయబోమని పనివాళ్ళు మధ్యాహ్నానికే మూట సర్దుకున్నారు. రొట్టె ఇవ్వబోయినవాడు నా దగ్గరికొచ్చి, "నమస్తే అధ్యక్ష్‌జీ" అన్నాడు.

అక్టోబరు 13

సీలు కిటికీ గట్టు మీద పెట్టి కుందన్ సింగ్ తన అన్న ఇంటికి వెళ్ళిపోయాడు. రెండు రోజులుగా దగ్గట. బజారులో టీ కొట్టువాడు ఆయనకి గ్లాసు ఇవ్వడం లేదట. దేవి చేసిందో, చలి చేసిందో నాకు తెలియదు. నా దగ్గర జాలి లేదు, వెతికి చూశాను.

అక్టోబరు 16

నా కుర్చీలో కూర్చుని పని ఆపే ఉత్తర్వు మీద సీలు వేశాను. గట్టిగా నొక్కాను. ఆఫీసరు తనే టీ తెచ్చి పెట్టాడు. చక్కెర ఎక్కువైంది, ఆ మాటే చెప్పాను.

ఢిల్లీ సారు కోర్టుకి వెళ్తాడట. వెళ్ళనీ. మేం గొయ్యి పూడుస్తున్నాం. రోజుకో వాడ వంతు. నరికిన చెట్లని పూడ్చలేం కదా. ఆ మొదళ్ళ పక్క నుంచి నడిచినప్పుడల్లా మళ్ళీ మొదటి రోజు కోపమే వస్తుంది.

అక్టోబరు 29

బబీతాకి రాత్రి నుంచి జ్వరం. మామూలు జ్వరమే అన్నాడు డాక్టరు. మామూలు జ్వరమే. ఖష్టీ దీదీ తెల్లారగానే వచ్చి దాని మంచం దగ్గర కూర్చుంది.

"పేరు చెప్పినందుకేనా దీదీ?" అని నేనే అడిగాను.

"నోర్ముయ్. నీళ్ళు కాచు పో."

బిందె తీసుకుని ఊటబావికి వెళ్ళాను. అలవాటు కొద్దీ వెళ్ళాను, కింద బోరింగుకి వెళ్ళాలని గుర్తే రాలేదు. అడుగు మెట్టు మీద రాళ్ళ మధ్య నుంచి వేలెడు సందులో నీళ్ళు వస్తున్నాయి. ఇంకా పసుపుపచ్చగానే ఉన్నాయి. చెంబు నిండేదాకా అక్కడే కూర్చున్నాను. ఇంటికి తెచ్చి ఎర్రగుడ్డలో వడకట్టి, కాచి, చల్లార్చి దానికి పట్టాను.

మట్టి వాసనేస్తోందని మొహం చిట్లించి, గ్లాసు ఖాళీ చేసి, ఇంకా ఉన్నాయా అని అడిగింది.